సమీక్షకుడి వ్యక్తిగత అభిప్రాయం

సినిమా సమీక్షల అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వుంటుంది. ఇది సమీక్షకుడి వ్యక్తిగత అభిప్రాయం మాత్రమే అని. ఇరవై ఏళ్లకు పైగా మేమూ ఆ వాక్యం రాస్తూనే వున్నాం. రాసిన ప్రతిసారీ లోపల ఎక్కడో నవ్వొస్తుంది. మాకు వ్యక్తిగత అభిప్రాయం ఎప్పుడు వుంది గనక? మేం హలీం బాగుందంటే 'వాళ్లకు' హలీం ఇష్టం. క్రికెట్ చూడలేదంటే అదో అనుమానం. ఒక సినిమా బాలేదంటే 'వాళ్లకు' నచ్చలేదు. నోరు తెరిచింది ఒక్కరే అయినా లెక్కలో పడేది అందరం. అందుకే ఇక్కడ 'నేను' అని మొదలుపెట్టడం చేతకావడం లేదు. మేం అనే రాస్తాం. గొప్పకు కాదు, అలవాటైపోయింది.

చెప్పదలచుకున్నది 2024 సంక్రాంతి నుంచి ఆ యేటి రంజాన్ పండగ దాకా వచ్చిన సినిమాల సంగతి, వాటి మీద మా తోటి సమీక్షకులు అన్న మాటల సంగతి. ఒక తెలుగు దినపత్రిక డెస్కులో మా ఉద్యోగం. ఇంట్లో దక్కనీ, ఆఫీసులో తెలుగు. చదివింది బి.ఏ. చరిత్ర, ఉర్దూ సాహిత్యం. ఆ చదువుకు ఇంకేం పని దొరుకుతుంది? సినిమా పేజీ దొరికింది.

ఆ మూడు నెలలూ నిజంగానే రకరకాల సినిమాలు వచ్చాయి. జనవరి 12న 'గుంటూరు కారం', 'హనుమాన్' ఒకే రోజు పడ్డాయి. తెల్లారకముందే తీర్పులు వచ్చేశాయి. మహేశ్ బాబు ఒక్కడే మోశాడు, త్రివిక్రమ్ కలంలో పదును తగ్గింది అని ఒకదాని మీద. తక్కువ డబ్బుతో ఇంత గ్రాఫిక్స్ ఎలా తీశారయ్యా అని రెండోదాని మీద. రెండు మాటలూ సబబే. పెద్ద సినిమాను చిన్న సినిమా పక్కకు నెట్టిందంటే మాకూ సంబరంగానే వుండింది. ఫిబ్రవరిలో 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' వచ్చింది. సెలూన్ నడుపుకుంటూ పెళ్లిళ్లకు బ్యాండు వాయించే కుర్రాడి ఆత్మాభిమానం కథ. చాలామంది మెచ్చుకుంటూ రాశారు. ఎప్పుడూ కులం అనే మాట పలకని కలాలు కూడా ఆ వారం కాస్త పలికాయి. అదే నెలలో నలుపు తెలుపుల్లో 'భ్రమయుగం'. పాడుబడ్డ ఇల్లంలో కూచున్న కొడుమోన్ పొట్టిగా మమ్ముట్టి. ఆ నటన గురించి అందరూ పేరాలకు పేరాలు రాశారు. ఒక ముస్లిం ఆ వేషం ఎలా కట్టాడని మేం చదివిన సమీక్షల్లో ఒక్కటీ అడగలేదు. అడక్కపోవడమే మాకు పండగ. ఎవరికీ చెప్పలేదు గానీ ఆ రోజు రెండు చాయ్‌లు ఎక్కువే తాగాం.

మార్చి ఒకటిన 'లాపతా లేడీస్' వచ్చింది. ముసుగుల వల్ల పెళ్లికూతుళ్లు తారుమారైన కథ. సమీక్షకులు ఎక్కడెక్కడ నవ్వారో మేమూ అక్కడే నవ్వాం. అందులో ఒక దుకాణదారుడు వుంటాడు, ముస్లిం. పెళ్లికొడుకు చూపించిన ఫొటోలో ముసుగు తప్ప మొహం లేదు. మొహం కప్పేస్తే మనిషి గుర్తింపు ఎక్కడిదని పెద్దమనిషి పాఠం చెబుతుంటాడు. అంతలో వెనక నుంచి ఆయన భార్య వస్తుంది, బురఖాలో. మా అమ్మీ ఆ సీనుకు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. బయటికి వచ్చాక బుర్ఖా సర్దుకుంటూ ఇంకోసారి నవ్వింది. ఇది ఎందుకు చెబుతున్నామంటే, మమ్మల్ని ఏమన్నా అంటే చాలు ఓర్చుకోలేమని ఒక మాట వుంది. ప్రేమతో అన్న మాటకూ పగతో అన్న మాటకూ తేడా తెలియనంత మొద్దులం కాదు.

మార్చి 8న వచ్చిన 'గామి' దృశ్యాలను అందరూ పొగిడారు. అర్థమైనవాళ్లూ పొగిడారు, కానివాళ్లూ పొగిడారు. 29న 'టిల్లు స్క్వేర్' వస్తే టిల్లు నోటి హైదరాబాదీ యాసకు ఫిదా అయ్యామని రాశారు. ఫిదా అనే మాట ఎవరి ఇంటిదో వాళ్లకు గుర్తులేదు. పోనీలెండి, మాట బతికి వుంది, అది చాలు.

ఈ రెంటికీ మధ్య, మార్చి 15న, 'రజాకార్' వచ్చింది.

దాని టీజర్ 2023 సెప్టెంబర్‌లోనే వచ్చింది. అప్పుడే మా మొహల్లాలో గుసగుసలు మొదలయ్యాయి. మార్చి 12న రంజాన్ మొదలైంది. సినిమా పడింది మొదటి జుమ్మా రోజు. రెండు నెలల్లో పార్లమెంటు ఎన్నికలు. నిర్మాత బీజేపీ నాయకుడు. ఇవన్నీ ఎదురుగానే వున్నాయి. అయినా సమీక్ష సమీక్షే కదా.

మా పేజీ చూసే పెద్దాయన ముందురోజు మా కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. చెడ్డమనిషి కాదు. పదేళ్లుగా ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లం.

"భాయ్, రేపటి సినిమాకు మీరు వెళ్తారా? ఇంకెవర్నైనా పంపమంటారా?"

"ఎప్పుడూ అడగలేదు కదా, ఇప్పుడెందుకు అడుగుతున్నారు?"

"అబ్బే, ఏం లేదు. రోజా వుంటారు కదా అని."

రోజా వుండే ఎన్ని సినిమాలు చూశామో ఆయనకు తెలుసు. మాకూ తెలుసు. వెళ్తామన్నాం.

ఉదయం ఆట వదిలేశాం. జుమ్మా నమాజ్ చదివి, టోపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మ్యాట్నీకి వెళ్లాం. హాలు సగానికి పైగా నిండింది. మా ముందు వరసలో కుర్రాళ్లు కాషాయం కండువాలు మెళ్లో వేసుకుని వచ్చారు. కాశిం రజ్వీగా రాజ్ అర్జున్ కనిపించినప్పుడల్లా వాళ్లు అరిచారు. వాళ్లు అరిచినప్పుడల్లా మా చెయ్యి జేబు మీదికి పోయింది. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. ఇంటర్వెల్లో ఒక అబ్బాయి మర్యాదగా "అంకుల్, కొంచెం కాళ్లు పక్కకు పెడతారా" అని దాటుకుని వెళ్లాడు కూడా. అయినా సినిమా అయ్యేదాకా చెయ్యి అక్కడే వుంది. నలభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ల నుంచి పాస్ మీద సినిమాలు చూసే మనిషి, జేబులో గుడ్డముక్కను దాచుకుని కూచోవడం ఏమిటో మాకే అర్థం కాలేదు.

ఆ వారం సమీక్షలన్నీ ముందేసుకుని చదివాం. కొందరు ప్రతి తెలుగువాడూ చూడాల్సిన చరిత్ర అన్నారు. కొందరు హింస మోతాదు మించిందన్నారు. ఎక్కువమంది చెప్పిన లోపం, కథ ముక్కలు ముక్కలుగా వుంది, ఒక కథానాయకుడి వెంట సాగలేదు, అందువల్ల భావోద్వేగం పండలేదు అని. నిర్మాణ విలువలు ఉన్నతంగా వున్నాయి. భీమ్స్ సంగీతం బాగుంది. బలాలు, బలహీనతలు, చివరి మాట, రేటింగ్. ఒకవైపే చూపించారని రాసినవాళ్లూ వున్నారు, కాదనం. కానీ ఆ మాటను కూడా 'బలహీనతలు' కింద, 'ఎడిటింగ్ ఇంకాస్త పదునుగా వుండాల్సింది' పక్కన ఒక చుక్క పెట్టి రాశారు.

ఇక్కడ మా తప్పు మేం చెప్పుకోవాలి. ఆ చుక్క పెట్టడం మాకూ వచ్చు. 2002లో 'ఖడ్గం' వచ్చినప్పుడు మేం డెస్కులో కొత్త. అన్నదమ్ముల్లో ఒకడు దేశభక్తుడు, ఒకడు తీవ్రవాది. మంచి ముస్లిం తన మంచితనాన్ని పొద్దస్తమానం రుజువు చేసుకుంటూ వుండాలి. ప్రకాశ్ రాజ్ అద్భుతంగా చేశాడని రాశాం. అది నిజమే. ఆ రుజువు ఎవరు అడుగుతున్నారని మాత్రం రాయలేదు. ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో కళ్లకు సుర్మా పెట్టుకున్న విలన్‌ను 'ప్రతినాయకుడి పాత్ర ఆకట్టుకుంది' అని సరిపెట్టామో లెక్కలేదు. ఉద్యోగం చేసుకోవాలి, పిల్లను చదివించుకోవాలి. సాయిబు అన్నింట్లో మతం వెతుకుతాడన్న పేరు రాకూడదు. అలా ఇరవై ఏళ్లు జాగ్రత్తపడ్డాం.

ఈసారి జాగ్రత్తపడలేదు. బైరాన్‌పల్లిలో, పరకాలలో జరిగింది అబద్ధం కాదని మొదటి పేరాలోనే రాశాం. రజాకార్లు చేసిన దుర్మార్గాన్ని ఎవరూ కడగక్కర్లేదు, మేం అసలే కడగం. కానీ ఆ యేడు ఈ నగరంలో ముస్లిం అంటే రజ్వీ ఒక్కడే కాదు. రజ్వీకి ఎదురు రాసిన ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో కాచిగూడలో నరికి చంపింది రజాకార్లే. సినిమాలో ఆయనకు ఎంత చోటు దక్కిందన్నది అటుంచండి, మేం చదివిన సమీక్షల్లో ఆయన పేరు కనబడలేదు. ఆయన మా వృత్తి వాడు. విలేకరులు రాసే సమీక్షల్లోనైనా కనబడాలి కదా. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి 1947 సెప్టెంబర్‌లో సాయుధ పోరాటానికి పిలుపిచ్చింది మఖ్దూం మొహియుద్దీన్. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో చచ్చిన షేక్ బందగీ ఎవరు? ఇంకా ఒకటి రాశాం. సినిమా విలీనంతో అయిపోతుంది. విలీనం తర్వాత జరిగింది చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను పంపింది. పోలీసు చర్యలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి వుంటారని వాళ్లు అంచనా వేశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. దాని మీద సినిమా కూడా రాలేదు.

చివరి పేరాలో మా ఇంటి ముచ్చట నాలుగు వాక్యాలు రాశాం.

అచ్చయిన సమీక్షలో మొదటి పేరా వుంది. బలాలు, బలహీనతలు వున్నాయి. రెండున్నర రేటింగ్ వుంది. షోయబుల్లా ఖాన్ లేడు, మఖ్దూం లేడు, సుందర్‌లాల్ లేడు. మా ఇల్లు లేదు. అడిగితే పెద్దాయన "స్థలం చాల్లేదు భాయ్, యాడ్ పడింది" అన్నాడు. ఆ పేజీలో యాడ్ ఎక్కడ పడిందో వెతికి చూశాం. పడింది, నిజమే. కాసేపటికి ఆయనే మళ్లీ వచ్చి మెల్లగా అన్నాడు. "సొంత కథలు సమీక్షలో బాగుండవు భాయ్. మీకు చెప్పేంతవాణ్ని కాదు." వ్యక్తిగత అభిప్రాయం అన్న వాక్యం మాత్రం కింద చెక్కు చెదరకుండా వుంది.

సాయంత్రానికి ఫోన్లు. సాయిబు గదా, రెండున్నర కంటే ఎక్కువ ఎట్లా ఇస్తాడని ఒకాయన. మా బంధువుల్లోనే ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, "రెండున్నర ఎందుకిచ్చినట్టు? నీకు గైరత్ లేదా?" అని. ఇద్దరికీ మేం రాసింది అక్కర్లేదు. అంకె చాలు.

ఇఫ్తార్ అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తకముందే మా అమ్మాయి అడిగింది. "అబ్బూ, రజాకార్ అంటే మనమేనా? స్కూల్లో వెనక బెంచీ పిల్ల అడిగింది." ఏడో తరగతి పిల్ల. మేం ఖర్జూరం గింజ చేతిలో పట్టుకుని వుండిపోయాం. మా అమ్మీ అందుకుంది. దక్కనీలో చెప్పింది, మేం తెలుగులో రాస్తున్నాం.

"మా అబ్బా తమ్ముడు రజాకార్ అయిండు బేటీ. ఖాకీ బట్టలు తొడుక్కుని, తుపాకి లేక కట్టె పట్టుకుని కవాతు చేసిండట. మంచోడు అని ఎవ్వరూ చెప్పలె. ఏదో చేసే వుంటడు. ఫౌజు వచ్చినంక మళ్ల కనబడలె. మా అబ్బా ఏం చెయ్యలె. చౌకీల చిన్న నౌకరీ. ఆయన్ను, మా అమ్మీని, ఇద్దరు పిల్లల్ని గొల్ల మల్లయ్య గొర్ల దొడ్లె దాచిండు. పదకొండు రోజులు. ఆ మల్లయ్య ఇంట్లెకెళ్లి అంతకుముందే రజాకార్లు గొర్లు తోలుకపోయిండ్రు. అయినా దాచిండు. పట్నం పోయేటప్పుడు మల్లయ్య పెండ్లాం మా అమ్మీకి బొట్టు పెట్టి, తన చీర కట్టి పంపింది."

"మరి మీ చాచా కూడా ఆ గొర్లు తోలుకపోయినోళ్లల్ల వుండెనా దాదీ?"

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. "మా అమ్మీని నేను గదే అడిగిన. చెప్పలె" అంది.

మేం సమీక్షలో రాసిన నాలుగు వాక్యాలు ఇవే. రజాకార్ మా ఇంట్లోనూ వున్నాడు. మల్లయ్య కూడా మా ఇంట్లో వున్నాడు, ఆయన లేకపోతే మేమే లేం. అలాంటి సినిమా తీస్తే భావోద్వేగం పండలేదని ఎవరూ రాయరు. సమీక్షకులు అడగాల్సింది కథానాయకుడు లేడని కాదు, మల్లయ్య ఏడీ అని.

చాలా ఏళ్ల కిందట ఇదే పోరాటం మీద 'మా భూమి' వచ్చింది. 1979 నాటి గౌతమ్ ఘోష్ సినిమా. దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. తెలంగాణ రైతు కథను ఉర్దూలో పంజాబీ హిందువు రాస్తే, బెంగాలీ దర్శకుడు తెలుగులో తీశాడు. అందులో గద్దర్ తెర మీద కనిపించి పాడాడు. అప్పుడు నిజాం దుర్మార్గాన్ని చూపించడానికి ఎవరికీ మా గడ్డాలు అవసరం పడలేదు. దొర సరిపోయాడు.

పండగ ఏప్రిల్ 11న వచ్చింది. అదే రోజు 'మైదాన్' విడుదల. సయ్యద్ అబ్దుల్ రహీం కథ. హైదరాబాద్ బడిపంతులు, 1950 నుంచి 63లో చనిపోయేదాకా భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. షీర్ ఖుర్మా తాగి నలుగురం సాయంత్రం ఆటకు వెళ్లాం. ఈసారి టోపీ తలమీదే వుంది, పండగ కదా. హాల్లో జనం పల్చగా వున్నారు.

సమీక్షకులు దాదాపు ఒకే మాట అన్నారు. మూడు గంటల నిడివి ఎక్కువ, మొదటి సగం నత్తనడక, చివరి గంట మాత్రం కుర్చీ అంచున కూచోబెడుతుంది, అజయ్ దేవగణ్ నిగ్రహంగా చేశాడు. మేమూ వేరేగా రాయలేం. మా ఫిర్యాదు ఒకటే. రహీం సాబ్ నోట దక్కనీ వినపడలేదు. ఆయన ఇంకెక్కడివాడో అనిపించింది. పక్క హాల్లో టిల్లు మాట్లాడినంత హైదరాబాదు కూడా ఆయనకు దక్కలేదు.

కొరియాతో ఫైనల్. పి.కె. బెనర్జీ గోల్, తలకు దెబ్బతో ఆడిన జర్నైల్ సింగ్ గోల్. రెండు ఒకటి. మా అమ్మాయి సీట్లోంచి లేచి అరిచింది. ఆ పిల్ల చేతులు రెండూ గాల్లో వున్నాయి. మేం ఆ చేతులే చూస్తూ వుండిపోయాం. అమ్మీ "రహీం సాబ్ ఏ మొహల్లా?" అని మా ఇంట్లో ఆవిడను అడుగుతోంది.

ఇంకో సంగతి ఇంటికొచ్చాక తట్టింది. రహీం 1943 నుంచే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. అంటే రజ్వీ ఉపన్యాసాలు దంచుతున్న ఆ యేడు కూడా ఈ ఊళ్లోనే పిల్లలకు బంతి ఆట నేర్పుతున్నాడు. ఈ సంగతి పెట్టి పెద్ద సమీక్ష రాస్తామన్నాం. "హిందీ సినిమా కదా భాయ్, సింగిల్ కాలం చాలు" అన్నాడు పెద్దాయన. 'రజాకార్' మన చరిత్ర, నాలుగు కాలాలు. రహీం హిందీ సినిమా, ఒక కాలం. మూడుంపావు రేటింగ్ ఇచ్చాం. ఫోన్ ఒక్కటీ రాలేదు.

2025 మే నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా అవార్డులు ప్రకటించింది. జాబితా మా డెస్కుకే వచ్చింది. 2024కు ఉత్తమ చిత్రం 'కల్కి'. చరిత్ర, వారసత్వం విభాగంలో 'రజాకార్'. రాత్రి తొమ్మిది దాటింది, పేజీ వదలాలి. పెద్దాయన జాబితా చూశాడు, మమ్మల్ని చూశాడు.

"హెడ్డింగ్ నేను పెట్టనా భాయ్?"

వద్దన్నాం. మేమే పెట్టాం. విభాగం పేరు, సినిమా పేరు. ఒక్క లైన్‌లో సరిపోయింది.